చింతగల్లు తేరు ఎత్తు

పుస్తకంలో లేనిది

ఈమధ్య మా శాఖలో కొత్తగా చేరిన ఇంజినీర్లు ఇద్దరు గాంధీనగర్‌లో మా ఇంటికి వచ్చి, సర్వీసులో నేర్చుకున్నది ఏదైనా రాసిపెట్టమన్నారు. నేను ఏ ఏడు ఏ కుర్చీలో కూర్చున్నానో, ఎవరి చేత శాలువా కప్పించుకున్నానో రాస్తే వాళ్లకు ఒరిగేదేమీ లేదు. స్తంభం ఎంత లోతు పాతాలో, తీగ ఎంత బిగించాలో పుస్తకాల్లో నాకంటే బాగా రాసి ఉంది. ఇక నా దగ్గర మిగిలింది నా తప్పులే. వాటిలో పెద్దది ఒకటి రాస్తాను. ఆ తప్పు వల్ల ఎవరికీ షాకు కొట్టలేదు, ఎవరూ స్తంభం మీద నుంచి పడలేదు. ఒక ఊరు మాత్రం చితికిపోయింది.

ఏ ఊరికి కరెంటు రావాలన్నది బెంగళూరులో తేలుతుందని మీరు అనుకుంటారు. సగం అక్కడే తేలుతుంది. మిగతా సగం, రేగడి బురద కాళ్లకు అంటించుకుని సర్వే చేసి, రెండు పేజీల రిపోర్టు రాసే లైను సూపర్‌వైజరు చేతిలో ఉంటుంది. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. డిప్లొమా ఉంది, సైకిలు ఉంది, కాస్త గీర కూడా ఉంది. బుద్ధి ఇంకా రాలేదు.

రెండు ఊళ్లు

ఆ ఊళ్లు బళ్లారికి తూర్పున, నాలుగు మైళ్ల ఎడంలో ఉండేవి. అసలు పేర్లు రాయను. ఒకటి చింతగల్లు, ఇంకొకటి హొన్నాపురం అనుకుందాం. రాష్ట్రాలు విడిపోయి ఆదోని, ఆలూరు అటు తెలుగు వైపు వెళ్లి, బళ్లారి ఇటు కన్నడం వైపు ఉండిపోయిన కొత్తలు అవి.

అప్పట్లో ఎవరినడిగినా చింతగల్లే పెద్ద ఊరు. సంత అక్కడ, శెనక్కాయల వ్యాపారం అక్కడ. తేరువీధి పొడుగునా శెట్ల అంగళ్లు. హొన్నాపురంలో నాలుగు రెడ్ల ఇళ్లు, జొన్నచేలు, పైకప్పు లేని ఒక చావడి. హొన్నాపురం పిల్లను చింతగల్లులో ఇస్తే ఆ పిల్ల అదృష్టవంతురాలు అనేవాళ్లు. ఇప్పుడు ఆ మాట చెబితే హొన్నాపురంలో నవ్వుతారు, చింతగల్లులో మొహం తిప్పుకుంటారు.

చింతగల్లులో శెనక్కాయలు చేత్తోనే ఒలిచేవాళ్లు. ఆడవాళ్లు అరుగుల మీద వరసగా కూర్చుని, కాయల మీద నీళ్లు చల్లి మెత్తబరిచి, బొటనవేలి గోటితో ఒలిచేవాళ్లు. సీజను ముగిసేసరికి గోరు అరిగి నెత్తురు కనబడేది. సుబ్బరాయ శెట్టి అనే ఆయన ఇది చూసి చూసి, మద్రాసు నుంచి పొట్టు తీసే మిషను ఒకటి రైల్లో తెప్పించాడు. ఆయనకు అప్పుడు ముప్పై ఐదేళ్లుంటాయి. తేరువీధికి పడమర రేకుల షెడ్డు కట్టి, దిమ్మె పోసి, మిషను బిగించి, కరెంటుకు అర్జీ పెట్టాడు. ఆ షెడ్డుకు నన్ను రెండుసార్లు తీసుకుపోయి చూపించాడు. మిషను మీద గోనెపట్టా కప్పి ఉంచేవాడు. పట్టా తీసి, చక్రం చేత్తో ఒక చుట్టు తిప్పి, మళ్లీ కప్పేవాడు.

"ఇది తిరిగితే మా ఊరికి ఇంకా యాభై ఊర్ల కాయ వస్తాది సార్. తిరగల్యా అనుకో, మా నాయన ముందర నేను తల యెత్తేది లే" అన్నాడు ఒకసారి.

మిషను వస్తే ఆడవాళ్ల పని పోదా అని అడిగాను. జల్లెడ కాడ, ఏరే కాడ అందరికీ పని ఉంటుందని చెప్పాడు. అది నిజమేనని తర్వాత హొన్నాపురంలో తేలింది.

ఆ ఏడు మా సెక్షనుకు ఒకే ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చారు. అందరి మనసులో అది చింతగల్లుకే. నేను సర్వే చేసి వీలవుతుందని రాయడమే మిగిలింది.

చిక్కల్లా తేరువీధి దగ్గర వచ్చింది. ఊరికి ఉత్తరాన బండరాళ్ల గుట్ట, దక్షిణాన వంక. తేరువీధి ఆ గుట్ట మొదలు నుంచి వంక దాకా ఊరికి అడ్డంగా ఉంటుంది. మా లైను వచ్చేది తూర్పు నుంచి. అంగళ్లు, శెట్టి షెడ్డు ఉన్నది పడమర. ఎట్లా పోయినా తీగ ఆ వీధిని దాటవలసిందే. ఏటా దేవుడి తేరు ఆ తీగ కింద నుంచి పోవలసిందే.

మా అసిస్టెంట్ ఇంజినీరు వామనరావు గారు. ధారవాడ వైపు మనిషి, తెలుగు వచ్చీరానట్టు మాట్లాడేవారు. మంచి ఆఫీసరు. ఆయన నాకు చెప్పింది స్పష్టంగానే చెప్పారు.

"హై టెన్షన్ తీగ ఏటా విప్పేది, కట్టేది, అదెల్లా బేడ, వద్దు. స్టోర్సులో రైలు పట్టాలు అతికించిన పొడుగు స్తంభాలు రెండు ఉన్నాయి. అవి నిలబెడితే ముప్పై మూడు అడుగుల తేరు దాకా కింద పోతుంది. ఆ పూట సప్లై ఆఫ్ చేస్తే ఆయ్తు, అయిపోయింది. నువ్వు తేరు ఎత్తు చూసుకుని రా."

పెద్దశెట్టి అరుగు మీద

సుబ్బరాయ శెట్టి తండ్రిని ఊరంతా పెద్దశెట్టి అనేది. తేరు వ్యవహారం ఆయన చేతిలో ఉండేది. నేను వెళ్లేసరికి అరుగు మీద జంపఖానా పరిచి, పదిమంది పెద్దమనుషులను కూర్చోబెట్టారు. తాలింపు పెట్టిన ఒగ్గరణె బొరుగులు, మిరపకాయ బజ్జీలు, వెండిగ్లాసులో మజ్జిగ. నా వయసువాణ్ని అంతమంది పెద్దలు లేచి నిలబడి పలకరించడం అదే మొదటిసారి. నాకు ఒళ్లు ఉప్పొంగింది. దాచుకోవడమెందుకు, ఆ రోజు నేను తేరు కొలవడానికి పోయిన సంగతి సగం మరిచిపోయి ఆ మర్యాదలో మునిగిపోయాను.

"శెట్టిగారూ, మీ తేరు ఎత్తు ఎంత?" అని అడిగాను.

పెద్దశెట్టి అటూ ఇటూ చూసి, పంచె సర్దుకుని చెప్పాడు. "అరవై అడుగులప్పా. మా తాత కాలం నుంచి అంతే. హొన్నాపురమోళ్లు మాదీ యాభై అంటారు. అది వాళ్లు చెప్పుకునేది."

"కలశం కాకుండా అరవై" అన్నాడు పక్కన కూర్చున్న ముసలాయన.

"గొడుగు వేరే" అన్నాడు ఇంకొకాయన.

ఆ వైపు ఊళ్లకు తేరు అంటే ఏమిటో మీకు తెలియకపోవచ్చు. అది ఊరి పరువు. మా తేరు ఇంత అంటే మా తేరు ఇంత అని పక్క ఊరితో పోటీ. తరం మారినప్పుడల్లా నోటిమాటలోనే రెండు మూడు అడుగులు పెరుగుతుంది. పరాయి మనిషి అడిగితే ఇంకో రెండు పెరుగుతుంది. ఇక గవర్నమెంటు మనిషే వచ్చి అడిగితే ఎక్కడ ఆగుతుంది? తేరు పెద్దదైతే ఊరు పెద్దదని, పెద్ద ఊరికే కరెంటు ముందు ఇస్తారని వాళ్లు అనుకున్నారు. మన దేశంలో పెద్దవాళ్లకే ముందు పెడతారు కాబట్టి, ఆ లెక్కలో తప్పేమీ లేదు. తీగ తేరు నెత్తిమీద నుంచి పోవాలని వాళ్లకు నేను చెప్పలేదు. ఎందుకు అడుగుతున్నానో చెప్పకుండా అడగడం నా మొదటి తప్పు. చెప్పి ఉంటే పెద్దశెట్టి ఎంత అనేవాడో దేవుడికే తెలియాలి.

సుబ్బరాయ శెట్టి స్తంభానికి ఆనుకుని నిలబడే ఉన్నాడు. తండ్రి ముందు కూర్చోవడం ఆ ఇంట్లో అలవాటు లేదు.

పండగ కాని రోజుల్లో తేరు కింది భాగం మాత్రం కొట్టంలో ఉంటుంది. పైన గోపురం ఏటా వెదుళ్లతో కొత్తగా కడతారు. కొట్టం తీయించి, కింది చట్రం కొలిచి, వెదుళ్లు కట్టే వడ్రంగిని పిలిచి అడిగితే అరగంట పని. ఆ అరగంట నేను పెట్టలేదు. బస్సు టైమైంది అన్నది ఒక సాకు. అసలు కారణం వేరు. పదిమంది ముందు పెద్దశెట్టి ఒక మాట చెప్పాక, టేపు తీసి కొలుస్తానంటే ఆయన్ను అబద్ధీకుడు అన్నట్టే. మా ఇంట్లో కూడా నన్ను అట్లానే పెంచారు. పెద్దల మాటకు ఎదురు లెక్క తీయకూడదు. తిన్న బజ్జీల మొహమాటం కూడా తోడైంది.

ఇంటికొచ్చి రిపోర్టు రాశాను. ‘తేరు ఎత్తు అరవై అడుగులు. తేరువీధి మీదుగా లైను వీలు కాదు.’ వామనరావు గారు సంతకం పెట్టారు.

నిచ్చెన

వీలు కాదని రాశాక, ట్రాన్స్‌ఫార్మరు ఖాళీగా ఉండదు. హొన్నాపురం చూసి రమ్మన్నారు. అక్కడా తేరు, అక్కడా వీధి. తిమ్మారెడ్డి అనే మోతుబరి చేలో నుంచి నేరుగా వచ్చాడు. మోకాళ్ల దాకా మట్టి. మజ్జిగ లేదు, జంపఖానా లేదు.

తేరు ఎత్తు అడిగితే ఆయన బుర్ర గోక్కున్నాడు. "యెంతుండాదో నాకేం తెల్సప్పా. వెదుళ్లు దొరికినంత కడ్తాం. నీకు కావల్లంటే కొలుచుకోపో. యా, నిచ్చెన తెండప్పా యెవురన్నా."

నిచ్చెన వచ్చింది. కొలిచాను. పైన వెదుళ్లు కట్టే ఎత్తు కూడా కలిపి లెక్క వేస్తే ఇరవై ఎనిమిది అడుగులు. యాభై అని ఊళ్లు చెప్పుకునే తేరు! అది చూసినప్పుడైనా చింతగల్లు అరవై సంగతి నా బుర్రలో మెదలాలి కదా. మెదలలేదు. హొన్నాపురం వాళ్లది చిన్న తేరు, చింతగల్లు వాళ్లది పెద్ద తేరు అని మాత్రం అనుకున్నాను. అందరూ అట్లాగే అనేవాళ్లు మరి. పొడుగు స్తంభాలు రెండూ హొన్నాపురం వీధిలో నిలబడ్డాయి.

హొన్నాపురం వాళ్లు తెలివిగలవాళ్లు కారు, దూరదృష్టి కలవాళ్లూ కారు. తిమ్మారెడ్డికి తన తేరు మీద శ్రద్ధ లేదు, అంతే. శ్రద్ధ లేకపోవడమే ఆ రోజు కలిసొచ్చింది. ఇప్పుడు ఆ ఊరి హైస్కూలు వార్షికోత్సవంలో తిమ్మారెడ్డి ముందుచూపు గురించి ఉపన్యాసాలు ఇస్తారు. నేను ముందు వరసలో కూర్చుని విన్నాను కూడా.

ఒక వాక్యం ఎట్లా పెరిగింది

కరెంటు వచ్చిన ఏడాదిన్నరకు తిమ్మారెడ్డి బంధువులు కలిసి పొట్టు తీసే మిల్లు పెట్టారు. బండ్లు చింతగల్లు దాకా పోవడం మానేశాయి. కాయ వచ్చే చోటికి సంత వచ్చింది, సంతకు బస్సు, బస్సుకు హోటళ్లు. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత హైస్కూలు. ఒకదాని తోక పట్టుకుని ఒకటి వచ్చాయి. మిల్లు లాభంతో సండూరు మాంగనీసు తోలడానికి లారీలు కొన్నారు.

చింతగల్లులో సుబ్బరాయ శెట్టి ఆయిలు ఇంజను పెట్టి మిషను తిప్పి చూశాడు. నెలకు పది రోజులు తిరిగేది, ఇరవై రోజులు రిపేరు. హొన్నాపురం మిల్లు ముందు నిలవలేకపోయాడు. కరెంటుకు అర్జీల మీద అర్జీలు పెట్టాడు. ప్రతి అర్జీకీ మా ఆఫీసులో పాత ఫైలు తీసేవాళ్లు, నేను రాసిన వాక్యం చదివేవాళ్లు, జవాబు రాసేవాళ్లు.

నేను సండూరు వైపు గనుల లైన్లకు బదిలీ అయ్యాను. నా తర్వాత వచ్చినతను ఆ వాక్యాన్ని కొంచెం మార్చాడు. ‘తేరు కారణంగా ఊరివాళ్లు లైనుకు ఒప్పుకోవడం లేదు.’ వాళ్లు ఒప్పుకోలేదని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత వచ్చినతను, ‘ఊరివాళ్లు మూఢాచారపరులు, ప్రగతికి వ్యతిరేకులు’ అని రాశాడు. ఆ మనిషి చింతగల్లులో కాలు పెట్టాడో లేదో నాకు అనుమానమే. చెరపకుండా పైన పైన రాసుకుంటూ పోతే అబద్ధం ఎంత పద్ధతిగా ముదురుతుందో ఆ ఫైలు చూస్తే తెలుస్తుంది.

ఆఫీసుల్లోనే కాదు, బజారులోనూ అదే మాట. బళ్లారి బ్రూస్‌పేట అంగళ్లలో చింతగల్లు ఎందుకు చెడింది అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పేవాళ్లు. సరిహద్దు వల్ల అన్నారు. సరిహద్దు రెండు ఊళ్లకూ అంతే దూరం. వానల్లేక అన్నారు, రెండు ఊళ్లకూ ఒకటే మబ్బు. శెట్లు పిరికివాళ్లు, రెడ్లు మొండివాళ్లు అని కులం మీదికి తోశారు. పిరికివాడు మద్రాసు నుంచి మిషను తెప్పిస్తాడా? ఊరి రాత అని కొందరు. ఆ రాత రాసిన చెయ్యి నాదేనని నాకే తెలియదు అప్పటికి.

సండూరులో మాంగనీసు గనుల దగ్గర ఆడవాళ్లు సుత్తులతో రాళ్లు పగలగొట్టి, మంచి ఖనిజం వేరు చేసేవాళ్లు. లైను పని మీద అక్కడ ఉన్నప్పుడు గంగమ్మ అనే ఆమె నన్ను గుర్తుపట్టింది. చింతగల్లు అరుగుల మీద కాయలు ఒలిచిన మనిషే. కుడిచేతి వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుని ఉంది.

"ఈడికి వచ్చేస్తివా గంగమ్మా?" అన్నాను.

"ఊర్లో పనేముండాదప్పా. ఆడ గోరు పోతాండె. ఈడ వేలే పోతాది" అంది. అని నవ్వింది. "మా తేరు మరీ పెద్దదంట కదా, దానికే మాకు కరెంటు రాలేదంట."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో కొంచెం గర్వం వినిపించింది. నాకేమో కాస్త తేలిగ్గా అనిపించింది. తప్పు తేరుది కదా అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

ముప్పై ఒకటి

ఏడెనిమిదేళ్ల తర్వాత మళ్లీ ఆ సెక్షనుకు వచ్చాను. ఒక రోజు జీపులో చింతగల్లు మీదుగా పోతుంటే వీధి కిటకిటలాడుతోంది. ఆ రోజు తేరు. కిటకిట అన్నాను గానీ అందులో సగం ముసలివాళ్లు, చంటిపిల్లలు. తాళ్లు పట్టే చేతులు సండూరులో ఉన్నాయి, హొన్నాపురంలో ఉన్నాయి. తేరు ముందు ఒక ఎర్రదుమ్ము లారీ నిలబెట్టి, గొలుసు కట్టి లాగిస్తున్నారు. లారీ మీద హొన్నాపురం అని రాసి ఉంది. తిమ్మారెడ్డి వాళ్లదే. పుణ్యానికే పంపారట. గొలుసు బిగిసినప్పుడల్లా తేరు ఒక పక్కకు ఒరిగి, మళ్లీ నిలబడేది. ఆడవాళ్లు కొందరు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు.

నేను చూస్తున్నది తేరు శిఖరం వైపు. ఎనిమిదేళ్లు స్తంభాల కింద తిరిగినవాడికి ఎత్తు కంటికే తెలుస్తుంది. అది అరవై కాదు. నలభై కూడా కాదు. జీపు దిగి, తేరు పక్కనే నడిచాను.

తేరు నిలిచాక, వెదుళ్లు కట్టే వడ్రంగి ఈరణ్ణను వెతికి పట్టుకున్నాను. అరవై అడుగులని విన్నానే అంటే నన్ను ఎగాదిగా చూశాడు.

"అరవై యాడిదప్పా? అరవై అడుగుల వెదురు ఈ జిల్లాలో యాడ దొరుకుతాది? కింద చట్రం పన్నెండు, పైన వెదుళ్లు పదహారు, కలశం మూడు. మా నాయన కాలం నుంచి అదే లెక్క."

"ఎప్పుడైనా తగ్గించారా?"

"తగ్గిస్తే ఊరు ఊరుకుంటాదా?"

నా మనసు ఒప్పుకోలేదు. కలశం దగ్గరికి మనిషిని ఎక్కించి, రాయి కట్టిన తాడు కిందికి వదిలించి టేపుతో కొలిచాను. ముప్పై ఒక్క అడుగులు. ఆ రెండు స్తంభాలు చింతగల్లులో నిలబెట్టి ఉంటే, తీగ కింద తేరు హాయిగా వెళ్లిపోయేది.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. కాకపోతే గొడ్డలి దెబ్బ నా మీద పడలేదు.

మర్నాడే హొసపేటకు పోయి వామనరావు గారిని కలిశాను. అప్పటికి ఆయన అక్కడ పెద్ద ఇంజినీరు. జరిగింది చెప్పాను.

"రాయి. ఉన్నదున్నట్టు రాయి. నేను చూడకుండా సంతకం పెట్టానని కూడా రాయి" అన్నారు.

రాశాను. మా ఇద్దరినీ ఎవరూ ఒక్క మాట అనలేదు. ఒక మెమో లేదు, ఒక సంజాయిషీ లేదు. ఊరి నెత్తిన అంత తప్పు మోపినవాళ్లకు చీమ కుట్టినట్టయినా కాలేదు. మన ఉద్యోగంలో ఇదే భయంకరమైన సంగతి. తీగ తప్పుగా కడితే అదే రోజు నిప్పురవ్వ కనిపిస్తుంది. మాట తప్పుగా రాస్తే పదేళ్లయినా వాసన కూడా రాదు.

కరెంటు వచ్చిన రోజు

ఇంకో రెండేళ్లకు చింతగల్లుకు లైను వచ్చింది. నేనే దగ్గరుండి వేయించాను. అప్పటికి కనెక్షను కావాలని అడిగినవాళ్లు పద్నాలుగు ఇళ్లవాళ్లు. అంగళ్లలో చాలావాటికి తాళాలు. పెద్దశెట్టి పోయి అప్పటికి నాలుగేళ్లు. మిషనును సుబ్బరాయ శెట్టి అంతకు ముందు ఏడే పాతసామాన్ల వాళ్లకు తూకానికి ఇచ్చేశాడు. రేకుల షెడ్డులో దిమ్మె, నాలుగు బోల్టులు మాత్రం మిగిలాయి. ఆయన రోజూ బస్సులో హొన్నాపురం పోయి, తిమ్మారెడ్డి వాళ్ల మిల్లులో కాటా దగ్గర కూర్చునేవాడు.

ఊరివాళ్లు ఆయన చేతనే స్విచ్ వేయించారు. మధ్యాహ్నం ఎండలో బల్బు వెలిగింది. ఎవరో చప్పట్లు కొట్టారు, తర్వాత ఆగిపోయారు. అందరూ పోయాక ఆయన, నేను ఆ షెడ్డు గడప మీద కూర్చున్నాం. నేను ఆ రోజు ఆయనకు చెప్పాలనే పోయాను. రెండేళ్లుగా చెప్పాలనుకుని చెప్పలేకపోయాను.

"శెట్టిగారూ, మీ ఊరి తప్పేం లేదు. తప్పు నాది. తేరు అరవై అని మీ నాయన చెబితే అదే రాసేశాను. కొలవలేదు. అది ముప్పై ఒకటే."

ఆయన నా వైపు చూడలేదు. దిమ్మె మీద బోల్టును బొటనవేలితో రుద్దుతున్నాడు.

"ముప్పై ఒకటని నాకు ఆ పొద్దే తెల్సప్పా" అన్నాడు.

నేను ఆయన వైపు తిరిగాను.

"నువ్వు యెందుకు అడుగుతాండావో కూడా నాకు తెల్సు. మీ ఆఫీసులో గుమాస్తా చెప్పిండె, ముప్పై మూడు దాటకూడదని."

"మరి చెప్పలేదే?"

"మా నాయన చెప్తాండాడు. పదిమంది పెద్దోళ్లు కూర్చోనుండారు. నేను నిలబడి, ‘కాదు నాయనా, అంత లేదు’ అని యెట్ల అనేది? ఆయప్పకు అప్పుడు డెబ్బై ఏండ్లు. ఆ పొద్దు వరకు ఆయప్ప మాటకు నేను ఎదురు చెప్పింది లే." బొటనవేలు పంచెకు తుడుచుకున్నాడు. "నువ్వు కొలుస్తావనుకుంటి. కొట్టం బీగాలచెవి పొద్దున్నుంచి నా మొలలోనే పెట్టుకోనుంటి. ఈరణ్ణను పనికి పోనియ్యకుండా కొట్టం ముందర కూర్చోబెట్టింటి. గవర్నమెంటోడు కొలుస్తానంటే మా నాయన కాదనడు. నేను చెప్పినట్టు కాదు, ఊరికి మర్యాదా పోదు. అట్లనుకుంటి."

"నాకొక్కడికే, ఏ పక్కనో, చెప్పి ఉండకూడదా?"

"ఆ మాట నేనూ శానాసార్లు అనుకున్యా. మా నాయన ఉన్నన్నాళ్లు అనుకున్యా, పోయినాకా అనుకున్యా. చెప్పేదానికే బస్సు కాడికి వస్తినప్పా. నోరు రాల్యా. మా నాయన అబద్ధం చెప్పినాడని పరాయోడికి యెట్ల చెప్పేదని, ‘అన్నీ చూసుకున్నారా సార్’ అని మాత్రం అడిగితి. రెండుసార్లు అడిగితి. నువ్వు బస్సులోంచి, ‘అన్నీ చూసుకున్నాను శెట్టిగారూ, మీరు దిగులు పడొద్దు’ అంటివి."

అన్నాను. ఆయన చెప్పాక గుర్తొచ్చింది. కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషంగా కూడా ఉన్నాను.

ఇంకేమైనా అంటాడేమో, తిడతాడేమో అని కూర్చున్నాను. ఆయన లేచి, పంచె దులుపుకుని, షెడ్డులో వెలుగుతున్న బల్బు ఆర్పాడు. మూడు గంటల బస్సు తప్పిపోతే మిల్లులో సగం పూట జీతం పోతుందని చెప్పి, హొన్నాపురం బస్సు ఆగే చోటికి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.